మిరప మొక్కలకు సెలైన్ పెట్టిన ఏడాది

నేను నర్సింగ్ మూడో సంవత్సరంలో ఉండగా మాకు మెడికల్ సర్జికల్ చెప్పే మేడమ్ మానేసింది. ఆవిడ వెనకాలే పిల్లల జబ్బుల గురించి చెప్పే సార్ కూడా మానేశాడు. వాళ్ళ స్థానంలో ఎవరొస్తారా అని మేము ఎదురుచూస్తుంటే, ఒకరోజు ప్రార్థన అయ్యాక ప్రిన్సిపల్ మేడమ్ మైకు పట్టుకుని ఒక శుభవార్త చెప్పింది. ఇవాళ్టి నుంచి మన కాలేజీలో సెల్ఫ్ డైరెక్టెడ్ లెర్నింగ్ మొదలవుతోందట. అంటే ఎవరి చదువు వాళ్ళే చదువుకోవాలి. ప్రపంచంలో మంచి కాలేజీలన్నీ ఇలాగే నడుస్తున్నాయని, టీచర్ చెప్తుంటే రాసుకునే రోజులు పోయాయని ఆవిడ వివరించింది. టీచర్లు పోయిన సంగతి మాత్రం ఎత్తలేదు.

మేము చప్పట్లు కొట్టాం. అది మాకు ఏ టీచరూ నేర్పలేదు. మేము నిజంగా సొంతంగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

మా కాలేజీ గుంటూరు దాటాక చిలకలూరిపేట పోయే హైవే పక్కన ఉండేది. ఒక పక్క మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు, ఇంకో పక్క జిన్నింగ్ మిల్లు. సీజన్లో మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాల లారీలు వరసగా పోతుంటే క్లాసు క్లాసంతా దగ్గేది, మిల్లు తిరిగే రోజుల్లో పత్తి నూగు ఎగిరొచ్చి తెల్లకోట్ల మీద వాలేది. క్లాసు పక్కనే కాలేజీ వాళ్ళదే ఒక ఆసుపత్రి. పొద్దున వార్డుల్లో డ్యూటీ, మధ్యాహ్నం స్వయం చదువు. స్వయం చదువంటే అన్నం తిన్న మత్తులో ఫోన్లు ముందేసుకుని కూర్చోవడం. చీరాల నుంచి వచ్చిన నా రూమ్మేట్, మగ్గాల ఇంటి పిల్ల, నొప్పి నివారణ అనే టాపిక్ తీసుకుంది. రోజూ బల్ల మీద తల పెట్టుకుని పడుకునేది. ఏంటే అని అడిగితే, నిద్రలో నొప్పి తెలియదు కదా, దాన్నే పరిశోధిస్తున్నా అనేది.

ప్రతి ఒక్కరూ ఒక టాపిక్ ఎంచుకుని దాన్ని సొంతంగా నేర్చుకోవాలని రూలు. నేను సూదిపోటు ఎంచుకున్నాను. వాడేసిన సూది నర్సుకి గుచ్చుకుంటే ఎయిడ్స్ లాంటివి రాకుండా ఏం చెయ్యాలి అనేదే ఆ పాఠం. గొప్ప ఆసక్తి ఉండి కాదు, పుస్తకంలో అన్నిటికన్నా చిన్న పాఠం అదే.

కొన్నాళ్ళకి రెండో శుభవార్త వచ్చింది. కాలేజీని చూడ్డానికి పైనుంచి బృందం వస్తోంది. వాళ్ళకి పచ్చదనం కావాలి, విద్యార్థుల్లో పర్యావరణ ప్రవర్తన కనపడాలి. మామూలుగా కనపడితే చాలదు, నిలకడగా కనపడాలి. మేడమ్ ఆ రోజే క్లాసుల్లో ఫ్యాన్లు ఆపించేసింది. ఆవిడ గదిలో ఏసీ మాత్రం నడిచేది, అది కంప్యూటర్ ఆరోగ్యం కోసమని అటెండరు మాకు చెప్పాడు. మేమంతా తలా ఒక పచ్చ ప్రతిజ్ఞ చెయ్యాల్సి వచ్చింది. ఒకమ్మాయి కాగితం వాడనంది, ఇంకొకమ్మాయి లిఫ్టు ఎక్కనంది. మా కాలేజీలో లిఫ్టు లేదు. నా రూమ్మేట్ నీళ్ళు ఆదా చెయ్యడానికి రోజు విడిచి రోజు స్నానం చేస్తానంది. దానికి మొదటి బహుమతి వచ్చింది. శిక్ష నాకు పడింది, ఆ గదిలో ఉండేది నేనే కదా.

అప్పుడే ఎవరికో సెలైన్ తోట ఆలోచన తట్టింది. ఎవరికన్నది తేలలేదు. మెప్పు వచ్చినన్నాళ్ళూ అది మేడమ్‌దే, ఆ తర్వాత మాది అయింది. వార్డుల్లో రోజూ బోలెడు సెలైన్ సీసాలు, వాటి ట్యూబులు పారేస్తున్నాం. వాటిని మొక్కల పక్కన కర్రలకి వేలాడదీస్తే చుక్క చుక్కగా నీళ్ళు పడతాయి, నీళ్ళూ ఆదా, ప్లాస్టిక్కూ ఆదా. ఆలోచన వరకూ మంచిదే, మా వైపు కూరగాయల పాదులకి అలా కట్టుకునే వాళ్ళున్నారు. కాకపోతే వాళ్ళు రైతులు. మేము నర్సులం. మా చేతికి సీసా, ట్యూబు ఇస్తే ఎదురుగా ఉన్నది మొక్క అన్న సంగతి మర్చిపోతాం.

గేటు దగ్గర వరసగా మిరప మొక్కలు పాతి, ఒక్కో మొక్కకి ఒక్కో అమ్మాయిని డ్యూటీ వేశారు. మొక్కకి బెడ్ నంబరు పెట్టాం. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో లెక్క కట్టాం. పక్కన కర్రకి అట్ట తగిలించి లోపలికి ఎంత పోయిందో రాశాం. బయటికి ఎంత వచ్చింది అనే గడి దగ్గర కాసేపు చర్చ జరిగి, చివరికి గీత పెట్టాం. డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్ళం. "నాలుగో నంబరు బాగానే ఉందే, ఏడుకి ఆకు వాలింది, కాస్త చూసుకో." మా అమ్మమ్మకి ఒంట్లో బాగోనప్పుడు కూడా మా ఇంట్లో అంత శ్రద్ధ చూపించలేదు.

ఇబ్బందల్లా సీసాల్లో మిగిలిపోయిన సెలైన్ దగ్గర వచ్చింది. దాన్ని పారబోస్తే వృథా కదా, అదే మొక్కకి పెట్టండి అంది మేడమ్. నేను మిరప వేసే ఇంట్లో పుట్టినదాన్ని. ఉప్పునీళ్ళు పోస్తే మొక్క ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మేడమ్, అది ఉప్పునీళ్ళండి, మొక్క చచ్చిపోతుంది" అన్నాను.

"ఉప్పునీళ్ళు ఏంటమ్మా, అది నార్మల్ సెలైన్. మనుషులకి పెడుతున్నాం, మొక్కలకి పెట్టకూడదా?" అంది ఆవిడ.

అదే పెట్టాం. ఆ తర్వాత ఆకులు వాలిపోతే మొక్కలకి నీటి శాతం పడిపోయిందని తేల్చి చుక్కల వేగం పెంచాం. గ్లూకోజు సీసాలు పెట్టిన మొక్కలకి చీమలు పట్టాయి. బృందం వచ్చే రోజు పొద్దున్నే అటెండరు నర్సరీ నుంచి ఆటోలో కొత్త నారు తెచ్చి, చచ్చిన వాటి స్థానంలో పాతాడు. బెడ్ నంబర్లు, అట్టలు అవే ఉంచాం. వచ్చినవాళ్ళు ఇంత పచ్చగా ఎలా పెంచారని ఆశ్చర్యపోయారు. అట్టల మీద రాసిన లెక్కలు చూసి వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాలేజీకి మంచి మార్కులు పడ్డాయి, మాకు తలా ఒక సమోసా పెట్టారు.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథ నవ్వుకుంటూ చెప్పేదాన్ని. కానీ గెలిచినవాళ్ళకి కుదురుండదు. ఈ ప్రవర్తనని సమాజంలోకి తీసుకెళ్ళాలని మేడమ్ అనుకుంది. ప్రతి నర్సింగ్ కాలేజీకి దత్తత ఊరు ఒకటి ఉంటుంది. ఆ ఊరికి వెళ్ళి చేతులు కడుక్కోండని చెప్పి, ఫోటో దిగి వస్తాం. మా కాలేజీ దత్తత తీసుకున్న ఊరు మా ఊరే. నన్ను కన్న ఊరిని నేనే దత్తత తీసుకున్నానన్నమాట.

ఊళ్ళో వాళ్ళకి సెలైన్ సీసాలు ఉచితంగా పంచాలి, పంచేది పూర్తి కిట్టుగా ఉండాలి అంది మేడమ్. సీసా, ట్యూబు, కట్టుకోవడానికి తాడు, పైన సూది. సూది ఎందుకంటే, మా వార్డుల్లో ఒక అలవాటు ఉంది. సీసాలోకి గాలి పోకపోతే చుక్క సరిగ్గా పడదని, తలకిందులుగా వేలాడే సీసా పైభాగంలో ఒక సూది గుచ్చి వదిలేస్తాం. ఏ పుస్తకంలోనూ అలా చెయ్యమని లేదు, సీనియర్లు చేశారు కాబట్టి మేమూ చేస్తాం. ఆ సూది కొత్తదే కావాలని కూడా ఎవరూ అనుకోరు, ట్రేలో ఏది చేతికొస్తే అది. అందుకని ఊరికి పంచే సీసాలకి కూడా పద్ధతిగా సూదులు గుచ్చాం. మామూలు మనిషెవరైనా మేకుతో చిల్లు పొడిచేవాడు. మేము చదువుకున్నవాళ్ళం కాబట్టి సూది వాడాం. అన్నీ బ్లీచింగ్ నీళ్ళలో ముంచి తీశామని చెప్పుకున్నారు. ముంచినవాళ్ళు ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.

పాలకేంద్రం ముందు షామియానా వేశారు. మా అమ్మ మంగళగిరి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆ చీర పెళ్ళిళ్ళకి తప్ప తీయదు. మేడమ్ నేలతల్లి గురించి, నీటి చుక్క గురించి మాట్లాడుతుంటే అమ్మ పక్కావిడని మోచేత్తో పొడిచి, "మా అమ్మాయి చదివేది ఇక్కడే" అని చెప్పడం నాకు వేదిక దగ్గరికి వినపడింది. పక్కావిడ మా పిన్నే. ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు, అయినా అమ్మ చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం ఇంటికి వెళ్ళాను. పెరట్లో కుళాయి పక్కన వంగమొక్కలకి, నాలుగు మిరప మొక్కలకి సీసాలు కట్టి ఉన్నాయి. మేడమ్ చూపించినట్టే, అదే ఎత్తులో, అదే ముడి. అమ్మ కొట్టంలో కూర్చుని వేలు నోట్లో పెట్టుకుని చీకుతోంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు, ముల్లు గుచ్చుకుంది. ఆ సీసాలో నీళ్ళు పోద్దామని ఎత్తితే కంపముల్లు. దడి నుంచి వచ్చి యాడ ఇరుక్కుందో. ఇందాకే పిండేసి పసుపు అద్దాన్లే."

మా పెరటి దడి చిల్లకంపదే. మా వైపు వేలికి ఏది గుచ్చుకున్నా అది కంపముల్లే, ఇంకోటి అయ్యుండొచ్చని ఎవరికీ తోచదు. పైగా కాయలు కోసీ కోసీ, రంగు పోయిన తాలుకాయలు ఏరీ ఏరీ ఆ వేళ్ళకి ఏడాదిలో సగం రోజులు మంటే. కొత్తగా ఒక చురుకు తగిలితే దాన్ని పట్టించుకునే తీరిక వాళ్ళకి ఉండదు. నేను సీసా దగ్గరికి వెళ్ళి చూశాను. సూది కొస మీద కొంచెం పచ్చి నెత్తురు అంటుకుని ఉంది. సూది మొదట్లో ఉండే ప్లాస్టిక్ లోపల ముదురు గోధుమ రంగులో ఎండిపోయినది ఏదో ఉంది. అది బ్లీచింగ్ నీళ్ళు చూసిన సూది కాదు.

పాఠంలో ఏం చెయ్యకూడదని ఉందో అమ్మ అవన్నీ వరసగా చేసేసింది. పిండకూడదు, పిండింది. నోట్లో పెట్టుకోకూడదు, పెట్టుకుంది. ఏమీ పూయకూడదు, పసుపు పూసింది. లేపి కుళాయి కింద చెయ్యి పెట్టించి సబ్బుతో కడుగుతుంటే, "ముల్లుకి ఇంత హడావుడి ఏందే" అని నవ్వుతోంది.

మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆ సూదులు ఏ వార్డువి, ఏ పేషెంట్లవి, ఎలాగైనా కనుక్కోగలమా అని అడిగాను. ఆవిడ ముందు నన్ను కంగారు పడొద్దంది, ఆ తర్వాత ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దంది.

"స్టాఫ్‌కి గుచ్చుకుంటే మన దగ్గర ప్రోటోకాల్ ఉందమ్మా. మీ అమ్మగారు స్టాఫ్ కాదు కదా. పేషెంటు కూడా కాదు. ఏ రిజిస్టర్లో ఎక్కించమంటావు? అయినా ఆ టాపిక్ నీదే కదా, నాకన్నా నీకే బాగా తెలుసు. ఇదే అమ్మా సెల్ఫ్ డైరెక్టెడ్ లెర్నింగ్ అంటే."

ఫోన్ పెట్టేశాను. అంత కోపం నాకు జీవితంలో మళ్ళీ రాలేదు. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

గుంటూరు పెద్దాసుపత్రికి బయల్దేరదీశాను. మందు మొదలుపెడితే గంటల్లోనే మొదలుపెట్టాలి, ఆ ముక్క పాఠంలో లావు అక్షరాల్లో ఉంది. ఆటో ఎక్కేదాకా అమ్మ ప్రతి ఇంటి ముందూ ఆగి అరుస్తూనే ఉంది. "ఒసేయ్, ఆ సీసాలు ముట్టుకోమాకండి! వాటికి సూదులున్నాయంట, మా అమ్మాయి చెప్తంది!" మేడమ్ చెప్పొద్దన్న మాట అలా ఊరంతా చేరింది. తీరా చూస్తే వాటిని ఎవరూ కట్టనే లేదు. ఒకరు కిరసనాయిలు పోసి పెట్టుకుందామని అటక మీద పడేశారు, ఒకరు పాత ఇనుము వాడికి వేశారు, మిగతావాళ్ళు కిట్టు సంచీ మాత్రం ఉంచుకుని లోపలిది దిబ్బలో పారేశారు. దిబ్బలో పడ్డ సూదులన్నీ తర్వాత నేనూ నాన్నా పటకారుతో ఏరాం. ఊరు మొత్తం మీద చెప్పింది చెప్పినట్టు చేసింది మా అమ్మ ఒక్కతే. కూతురి కాలేజీ ఇచ్చింది కాబట్టి చేసింది.

ఆసుపత్రిలో మమ్మల్ని పంపిన గది మీద ఆ జబ్బు పేరు పెద్ద బోర్డు మీద ఉంది. అమ్మ చదువు ఐదో తరగతి, ఆ బోర్డు మాత్రం తడుముకోకుండా చదివింది. వెంటనే కొంగు నెత్తి మీంచి మొహం మీదికి లాక్కుంది. బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా ఒకరినొకరు చూడనట్టు గోడకేసి చూస్తున్నారు. డాక్టరమ్మ చిన్నదే, నాకన్నా కొంచెం పెద్దది అయ్యుంటుంది. ఎండిపోయిన సూది కాబట్టి ప్రమాదం తక్కువే, కానీ ఎవరి సూదో తెలియదు కాబట్టి వదిలేయలేం అంది. రక్తం తీసుకుని, అప్పటికప్పుడే మొదటి మాత్ర మింగించింది. నెల రోజులు మాత్రలు వాడాలి, ఆ తర్వాత మళ్ళీ పరీక్షలు. చివరి పరీక్ష అయ్యేసరికి చేలో కాయ ఎర్రబడుతుంది.

తిరిగొచ్చే బస్సు బైపాస్ దాటాక అమ్మ మెల్లగా అడిగింది. "ఒకవేళ నాకు అది వస్తే, నీకు పెళ్ళి సంబంధాలు వస్తయ్యా?"

"నోరు ముయ్యవే" అన్నాను. అమ్మతో అలా మాట్లాడటం అదే మొదలు.

మాత్రలు అమ్మకి పడలేదు. పొద్దున్నే వాంతులు, తిన్నది నిలిచేది కాదు. దానికన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. అమ్మ తన కంచం, తన గ్లాసు విడిగా పెట్టుకుంది. చాప వసారాలోకి మార్చింది. కూర తరగడం మానేసి పిన్ని చేత తరిగించేది. నా తువ్వాలు దండెం మీద ఉంటే తనది తీసి దూరంగా వేసేది. ముట్టుకుంటే రాదని, కలిసి తింటే రాదని కాలేజీ నుంచి బొమ్మల అట్టలు తెచ్చి మరీ చెప్పాను. దత్తత ఊళ్ళో జనం మా మాటలు ఎలా వింటారో అమ్మా అలాగే వింది. "అట్టాగా," అంది, "ఎంత బాగా చెప్పావే," అంది. అట్టలు అందుకోవడానికి మాత్రం చెయ్యి చాపలేదు. నేను సెలవుకి వచ్చినప్పుడల్లా నాకూ తనకీ మధ్య ఒక మనిషి పట్టేంత దూరం ఉంచి కూర్చునేది.

హాస్టల్లో నాకు నిద్ర పట్టేది కాదు. మధ్యాహ్నం స్వయం చదువు గంటలో అదే పాఠం మళ్ళీ తీసేదాన్ని. మొదట ఎంచుకున్నప్పుడు రెండు పేజీలున్న పాఠం ఎంత చదివినా అయ్యేది కాదు. భయంతో చదివిన చదువు ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నా రూమ్మేట్ పరిశోధన మానేసి నా పక్కన కూర్చునేది. ప్రతిజ్ఞ కూడా మానేసి రోజూ స్నానం చేసింది. అది నాకోసమే చేసిందని చెప్పుకుంది.

సెమినార్ రోజు వచ్చింది. మేడమ్ నన్ను పిలిచి, "మీ అమ్మగారి కేసు ప్రెజెంట్ చెయ్యి. ఎంత మంచి కేస్ స్టడీ! పుస్తకంలో దొరకదు" అంది. సరేనన్నాను. స్టేజీ ఎక్కి, సూది ఎక్కడ గుచ్చుకుందో చెప్పాను, ఆ సూది మన కాలేజీ పంచిన పూర్తి కిట్టులోదని చెప్పాను, దాన్ని అక్కడ గుచ్చింది మనమేనని చెప్పాను. పేషెంటూ స్టాఫూ కాని మనిషిని ఎక్కడ రాసుకోవాలో తెలియక మనం ఎక్కడా రాసుకోలేదని చెప్పాను. హాల్లో ఫ్యాన్లు తిరగవు కాబట్టి నిశ్శబ్దం బాగా వినపడింది.

మేడమ్ లేచి మైకు తీసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. ఈ అమ్మాయి ధైర్యం చూడండి, టీచర్ లేకుండా, ఎవరి సాయం లేకుండా తనంతట తాను ఎంత నేర్చుకుందో చూడండి, ఇదే మన కాలేజీ ఆశయం అంది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పి, సగానికి కోసిన సెలైన్ సీసాలో మిరప మొక్క పెట్టి జ్ఞాపికగా ఇచ్చారు. మర్నాడు చూస్తే గేటు దగ్గర తోట లేదు. ఆ స్థలంలో గులకరాళ్ళు పోసి, ఒక్క చుక్క నీరు కూడా అవసరం లేని తోట అని కొత్త బోర్డు పెట్టారు. దానికీ ఎవరో బృందం వచ్చి మార్కులు వేసుంటారు.

చివరి పరీక్షకి వెళ్ళేనాటికి చేలన్నీ ఎర్రగా ఉన్నాయి. కోతకి మనుషులు దొరక్క అమ్మ కూడా రోజూ చేలోనే ఉంది, ఒక్కపూట పోతుందని సణుగుతూనే వచ్చింది. గదిలోకి ఇద్దరం వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసి, "ఏమీ లేదమ్మా, మీకు ఏ జబ్బూ లేదు" అంది. అమ్మ నా వంక చూసింది. నేను కాగితం తీసుకుని ప్రతి గడీ చదివి తల ఊపాను. అమ్మ డాక్టరమ్మకి దండం పెట్టింది. బస్సు దిగీ దిగగానే చేలోకి పోయి కోతలో కలిసింది.

పొద్దుగూకే వేళకి నేను వంటింట్లో కంచం ముందేసుకుని తింటున్నాను. అమ్మ చేలో నుంచి వచ్చి, కుళాయి దగ్గర గబగబా కడుక్కుని, లోపలికొచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఎంత దగ్గరగా అంటే మోకాలికి మోకాలు తగిలింది. కాసేపు నేను తినడం చూసింది.

"ఏందే, కోడి గింజలేరుకున్నట్టు ఆ తినడం" అని నా కంచంలో చెయ్యి పెట్టి, అన్నం పప్పు కలిపి, ముద్ద చేసి నా నోటికి అందించింది.

పొద్దంతా కాయ కోసిన చెయ్యి. ఎంత కడిగినా ఆ కారం పోదు. నాలుక, పెదాలు భగ్గుమన్నాయి, కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. మంట పుడుతోందే అన్నాను.

"అయితే నీళ్ళు తాగు" అని తన గ్లాసు నా చేతికిచ్చి, రెండో ముద్ద కలిపింది.